గొట్టము, వాల్వు, కొళాయి : నీటి ఒత్తిడి ఎచ్చట పోవుచున్నది?

గ్రామసభలలో మంచినీటి ప్రస్తావన వచ్చినప్పుడెల్ల వినవచ్చు మాట ఒకటి కలదు. "ట్యాంకు నిండుగానే ఉంది, మోటారు ఆడుతూనే ఉంది, మా వీధికి మాత్రం నీళ్లు రావు" అని చివరి వీధివారు మొరపెట్టుకొందురు. దీనికి పంచాయతీ సభ్యులు చెప్పు సమాధానము కూడ సామాన్యముగా ఒక్కటే. "ఒత్తిడి చాలడం లేదు, పెద్ద మోటారు పెట్టిద్దాం." ఈ సమాధానము కొన్నిచోట్ల సరియైనదే కావచ్చును. కాని అనేక సందర్భములలో దాని వలన పంచాయతీ నిధి ఖర్చగుటయే గాని, చివరి వీధి బిందె నిండుట లేదు. నీటి ఒత్తిడి అనునది ఎక్కడ పుట్టుచున్నది, ఎక్కడ ఖర్చగుచున్నది అను రెండు సంగతులు తెలిసికొన్నచో తీర్మానము వ్రాయుటకు ముందే ఈ పొరపాటును తప్పించుకొనవచ్చును.

1992లో చేయబడి 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ననుసరించి పదకొండవ షెడ్యూలులో చేర్చబడిన 29 విషయములలో త్రాగునీరు ఒకటి. 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జల జీవన్ మిషన్, గ్రామీణ కుటుంబములలో ప్రతి ఇంటికి కొళాయి ద్వారా తలకు దినమునకు 55 లీటర్ల నీరు అందవలెనని నిర్ణయించినది. తెలంగాణములో మిషన్ భగీరథ పథకము గ్రామములకు తలకు 100 లీటర్ల లెక్కన రూపొందింపబడినది. ఇంటి ముందర కొళాయి, అనగా తెలంగాణ జిల్లాలలో నల్లా, బిగించుట ఒక పని. దానినుండి నీరు వచ్చునట్లు చూచుట వేరొక పని. మొదటిది కంట్రాక్టరు పూర్తిచేసి పోవును. రెండవది ఏండ్ల తరబడి పంచాయతీ మీదనే ఉండును.

ఒత్తిడి ఎత్తునుండి పుట్టును

ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టించుటలోని ఉద్దేశ్యము నీటిని దాచుట మాత్రమే కాదు. నీటికి ఎత్తు కల్పించుట అంతకంటె ముఖ్యమైన ఉద్దేశ్యము. కొళాయి కంటె 10 మీటర్ల ఎత్తున నీరు నిలిచియున్నచో ఆ కొళాయి వద్ద చదరపు సెంటీమీటరునకు సుమారు 1 కిలోగ్రాము ఒత్తిడి ఉండును. 12 మీటర్ల ఎత్తైన ట్యాంకు 1.2 కిలోగ్రాములు ఇచ్చును. అంతకు మించి ఇవ్వజాలదు. ట్యాంకు పెద్దదైనను, చిన్నదైనను భేదము లేదు. నలుబది వేల లీటర్ల ట్యాంకును, లక్ష లీటర్ల ట్యాంకును ఒకే ఎత్తున కట్టినచో రెండింటి ఒత్తిడియు ఒక్కటే.

పట్టణ నీటి సరఫరాకు కేంద్ర సంస్థ 1999లో వెలువరించిన మాన్యువల్‌లో ఒక అంతస్తు ఇండ్లకు 7 మీటర్లు, రెండంతస్తుల ఇండ్లకు 12 మీటర్ల నీటి ఎత్తు వీధి గొట్టమునుండి ఇంటి కనెక్షను తీయు చోట మిగిలియుండవలెనని సూచింపబడినది. మన గ్రామములలో నేల ఎత్తుపల్లములుగా ఉండును గనుక, ట్యాంకునుండి దిబ్బమీది వీధికి పోవు నీరు మొదటనే రెండు మూడు మీటర్ల ఎత్తును కోల్పోవును. దానికి ఎవరును బాధ్యులు కారు. నేల స్వభావమది.

ఇచ్చట సభ్యులు ముఖ్యముగా గమనింపవలసిన విషయ మొకటున్నది. బోరుబావి వద్దనున్న మోటారు నీటిని ట్యాంకులోనికి ఎక్కించును. ట్యాంకునుండి వీధులకు నీరు తన బరువుచేతనే దిగివచ్చును. కాబట్టి 5 అశ్వశక్తుల మోటారును తీసివేసి 7½ అశ్వశక్తుల మోటారును బిగించినచో ట్యాంకు త్వరగా నిండును గాని, కొళాయి వద్ద ఒత్తిడి వీసమెత్తు కూడ పెరుగదు. ట్యాంకు లేక మోటారునుండి సూటిగా వీధులకు నీరు తోలు గ్రామముల సంగతి వేరు.

నిలిచిన నీరు, కదలు నీరు

గొట్టము సన్ననిదైనను, లావైనదైనను కొళాయిలన్నియు మూసియున్నంతసేపు దానిలోని ఒత్తిడి ట్యాంకు ఎత్తును బట్టియే ఉండును. అర అంగుళపు గొట్టములోను అంతే, నాలుగంగుళముల గొట్టములోను అంతే. కొళాయి తిప్పి నీరు కదలుట ప్రారంభమైన క్షణమునుండి గొట్టపు గోడల రాపిడివలన ఆ ఎత్తు కొంచెము కొంచెముగా ఖర్చగుచు పోవును. నీరు ఎంత వేగముగా పరుగెత్తిన అంత ఎక్కువ ఖర్చు. గొట్టము ఎంత పొడవైన అంత ఎక్కువ ఖర్చు. గొట్టము సన్నబడుటవలన కలుగు ఖర్చు మాత్రము మనము ఊహించుకొను దానికంటె మిక్కిలి ఎక్కువ.

"గొట్టం సన్నగా ఉంటే ఒత్తిడి పెరుగుతుంది కదా?" అని కొందరు అడుగుదురు. బడితోటలో మొక్కలకు నీరు పెట్టు పిల్లలు రబ్బరు గొట్టము మూతిని బొటనవ్రేలితో నొక్కుదురు. ధార దూరముగా ఎగిసిపడును. దానిని చూచియే ఈ అభిప్రాయము కలిగినది. వ్రేలు పెట్టినప్పుడు ధార వేగము హెచ్చినమాట నిజమే. కాని అదే గొట్టమును బకెట్టులో పెట్టి, వ్రేలు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి, గడియారము చూచి నింపిన యెడల వ్రేలు తీసినప్పుడే బకెట్టు ముందుగా నిండును. వ్రేలు క్రొత్త ఒత్తిడిని పుట్టించుట లేదు. నీటి పరిమాణమును తగ్గించుటచే గొట్టములో రాపిడి తగ్గి, ట్యాంకు ఇచ్చిన ఎత్తు మూతివరకు మిగులుచున్నది, అంతియే. మొక్కకు దూరముగా చల్లుటకు అది ఉపయోగము. బిందె నింపుకొను గృహిణికి కావలసినది ధార దూరము కాదు, నిమిషమునకు ఎన్ని లీటర్లు అనునది.

ఇంజనీర్లు ఈ రాపిడిని గణించుటకు అమెరికా దేశస్థులైన హేజెన్, విలియమ్సు అను ఇరువురు 1905లో పట్టికలుగా ప్రకటించిన సూత్రమును నేటికిని విరివిగా వాడుచున్నారు. సూత్రముతో మనకు పనిలేదు. దానివలన తేలిన ఫలితములు చాలును. గొట్టము అడ్డుకొలత రెట్టింపైనచో, అదే ఎత్తును ఖర్చుపెట్టి అది ఆరు రెట్ల నీటిని తీసికొనిపోగలదు. రెండంగుళముల గొట్టమునకు బదులు ఒక అంగుళపు గొట్టములు రెండు వేసిన సరిపోవునని అనుకొనుట పొరపాటు. ఆరు వేయవలసియుండును. మరియొక విధముగా చెప్పినచో, గొట్టము అడ్డుకొలత సగమై, దానిగుండా అదే నీరు పోవలసివచ్చినప్పుడు రాపిడి ఖర్చు సుమారు 29 రెట్లగును.

ఒక ఉదాహరణ తీసికొందము. ట్యాంకు ఎత్తు 12 మీటర్లు. అక్కడినుండి 200 మీటర్ల దూరములో ఇరువది ఇండ్ల వాడ కలదు. ఇరువది కొళాయిలును ఒకేసారి తెరచి, ఒక్కొక్కటి నిమిషమునకు 6 లీటర్ల చొప్పున పట్టుకొనుచున్నవనుకొందము. మొత్తము నిమిషమునకు 120 లీటర్లు. నున్నని ప్లాస్టిక్ గొట్టము లోపలి అడ్డుకొలత 75 మిల్లీమీటర్లయినచో వాడ చేరుసరికి ఖర్చగు ఎత్తు ముప్పాతిక మీటరు కంటె తక్కువ. 50 మిల్లీమీటర్లయినచో సుమారు 5 మీటర్లు. ఇదియు ఫరవాలేదు, 7 మీటర్లు మిగులును. 40 మిల్లీమీటర్ల గొట్టము వేసినచో పదునాలుగున్నర మీటర్లు ఖర్చగును. ట్యాంకే 12 మీటర్లది గదా! అనగా ఆ గొట్టముగుండా నిమిషమునకు 120 లీటర్లు పోవుట అసంభవము. తక్కువ నీరే పోవును. ఆ వచ్చిన కొంచెము నీటిని వాడలోని మొదటి ఇండ్లవారు పట్టుకొందురు. చివరి ఇండ్లవారు గ్రామసభకు వత్తురు.

50 కి, 40 కి మధ్య భేదము చూచుటకు స్వల్పముగనే కనబడును. కంట్రాక్టరు "ఒక సైజు తగ్గిందండి, అంతే" అని చెప్పినప్పుడు సభ్యులకు ఈ లెక్క జ్ఞాపకముండవలెను. ఇంకొక చిక్కు కూడ ఉన్నది. ప్లాస్టిక్ గొట్టములకు, అనగా పీవీసీ, హెచ్‌డీపీఈ గొట్టములకు చెప్పు 63, 75, 90 మొదలగు సంఖ్యలు బయటి అడ్డుకొలతలు. గోడ మందము తీసివేసిన తరువాతనే నీటికి దారి. ఎక్కువ ఒత్తిడికి తట్టుకొను తరగతి గొట్టమునకు గోడ మరింత మందముగా ఉండును. ఇనుప జీఐ గొట్టములకు చెప్పు సంఖ్య సుమారుగా లోపలి కొలత. కాబట్టి అంచనా పత్రములలో ఈ రెంటిని పక్కపక్కన పెట్టి పోల్చునప్పుడు "లోపలి కొలత ఎంత?" అని తప్పక అడుగవలెను.

ఒక గ్రామములో చూచిన సంగతి

కొంతకాలము క్రిందట ఒక గ్రామములో మంచినీటి ప్రచార కార్యక్రమమునకు పోయియుంటిని. ఊరిపేరు చెప్పుటవలన ప్రయోజనము లేదు. ఇట్టి ఊళ్లు పెక్కు కలవు. అచ్చటి సర్పంచిగా ఎన్నికైనది ఒక మహిళ. ఊరి చివర తారురోడ్డునకు ఆవల నలుబది ఇండ్ల ఎస్సీ కాలనీ ఉన్నది. ప్రతి ఇంటికి కొళాయి ఉన్నది. ఉదయము ఒక గంటసేపు నీరు వదలుదురు. చివరి ఇంటిలో 15 లీటర్ల బిందె నిండుటకు 11 నిమిషములు పట్టుచున్నది. ఆ ఇంటి ముసలామె నాతో, "నీళ్లు వస్తున్నాయి బాబూ, రాలేదని అబద్ధం చెప్పను. బిందె కింద పెట్టి అన్నం వండుకోవచ్చు" అన్నది. అంకెలు వేసి చూడగా, గంటకు 82 లీటర్లు. అయిదుగురున్న ఇంటికి తలకు 16 లీటర్లు మాత్రమే. కాగితముమీద ఆ ఇల్లు కొళాయి కలిగిన ఇల్లే.

పెద్ద మోటారు కొనుటకు పంచాయతీ తీర్మానము అప్పటికే సిద్ధమైనది. పాతికేండ్లుగా ఆ చుట్టుపట్ల గొట్టములు బిగించుచున్న ఫిట్టరు ఒకాయన మాత్రము దానికి ఒప్పుకొనలేదు. "అమ్మా, మోటారు ట్యాంకును నింపుతుంది గాని, ట్యాంకును పైకి లేపదు గదా! నాకొక గంట టైమివ్వండి" అని సర్పంచి గారిని వేడుకొన్నాడు. అతని సంచిలో గడియారమువలె గుండ్రని ఒత్తిడి మీటరొకటి ఉన్నది. పెద్ద ఖరీదైన సాధనము కాదు. పంచాయతీ ఒకటి కొని కార్యాలయములో ఉంచుకొనదగినది.

నీరు వదలిన తరువాత అతడు చివరి ఇంటి కొళాయికి మీటరు బిగించి, కాలనీవారినందరిని అయిదు నిమిషములు కొళాయిలు కట్టివేయుడని కోరినాడు. ఆడవారు గొణుగుచునే కట్టివేసిరి. ముల్లు మెల్లగా లేచి 1.2 వద్ద నిలిచినది. "ఒత్తిడి ఉందే!" అని సర్పంచి గారు ఆశ్చర్యపడిరి. తరువాత అందరిని తెరువుమనగా ముల్లు జారి సున్నకు దగ్గరపడినది. నిలిచినప్పుడు నిండుగానుండి, కదలినప్పుడు మాయమగు ఒత్తిడి ఎక్కడనో దారిలోనే ఖర్చగుచున్నదన్నమాట. నిలిచినప్పుడే ముల్లు లేవకుండినచో అప్పుడు నేల ఎత్తునుగాని, గొట్టము పగిలి నీరు కారుటనుగాని అనుమానింపవలసి యుండెడిది.

కొళాయిలన్నియు తెరచియుండగనే అతడు మీటరును కాలనీ మొదటికి, అక్కడినుండి రోడ్డునకు ఈవలి ఇంటికి మార్చి చూచినాడు. రోడ్డునకు ఆవల 0.2, ఈవల 0.9. ముప్పది మీటర్ల దూరములో 7 మీటర్ల ఎత్తు మాయమైనది! రోడ్డు వెడల్పు చేసిన కాలమున కల్వర్టు క్రింద పాత 63 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గొట్టము పగులగా, దొరికిన 32 మిల్లీమీటర్ల ఇనుప గొట్టమును రెడ్యూసర్లతో అతికి, మట్టి కప్పివేసిరట. ఆ సంగతి ఏ రికార్డులోను లేదు. సెకనుకు 2 లీటర్ల నీరు పోవలసివచ్చినచో, అట్టి 32 మిల్లీమీటర్ల ఇనుప గొట్టము 30 మీటర్లలో ఎనిమిదిన్నర మీటర్ల ఎత్తును తినివేయును. అదే చోట 63 ప్లాస్టిక్ గొట్టమైనచో అర మీటరు కూడ తినదు.

మోటారు తీర్మానము ఆగినది. కల్వర్టు క్రింద ముప్పది మీటర్ల గొట్టము మార్చబడినది. పిమ్మట అదే ఇంటిలో అదే బిందె 3 నిమిషములలో నిండినది. గంటకు 300 లీటర్లు, తలకు 60. ఆ ముక్క మట్టిలో కప్పబడినప్పుడు ఎవరైనను ఒక్క కాగితముమీద వ్రాసి ఉంచినచో కాలనీవారికి ఇన్నాళ్ల కష్టము తప్పెడిది గదా అని నాకు తోచినది. అనేక గ్రామములలో కాలనీలు ఊరి చివర దొరికిన స్థలములలో వెలసినవి. గొట్టములు కూడ చివరగానే పోయినవి, పాత లైనునకు తోకగా తగిలింపబడినవి. కావున గొట్టపు కొలతలో జరిగిన పొరపాటు సమానముగా అందరిమీద పడదు. ఎప్పుడును తోకమీదనే పడును.

వాల్వుల సంగతి

వాల్వును మార్చినచో నీరు పెరుగునని కొందరు, వాల్వు చిన్నదగుటచేతనే నీరు రాదని మరికొందరు అందురు. రెండును కొంతవరకే నిజము. వాల్వు అనునది గొట్టములో ఒక చిన్న ముక్క. దాని అడ్డంకిని గొట్టపు పొడవుతో పోల్చి చూచుకొనుట తేలిక మార్గము. 50 మిల్లీమీటర్ల గేటు వాల్వును పూర్తిగా తెరచినచో దాని అడ్డంకి అర మీటరు గొట్టముతో సమానము. అనగా లేనట్లే. సగము దించినచో సుమారు పండ్రెండు మీటర్ల గొట్టముతోను, ముప్పాతిక దించినచో యాబది మీటర్లకు పైబడిన గొట్టముతోను సమానమగును. క్రింది గిన్నె మీదికి బిరడా దిగు గ్లోబు వాల్వు మాత్రము పూర్తిగా తెరచినను నీటిని వంకరగా త్రిప్పుటచే పాతిక మీటర్ల గొట్టమంత అడ్డంకి చేయును. అందుచేత వీధి లైనులలో గేటు వాల్వులుగాని, బాలు వాల్వులుగాని వేయుటయే మంచిది.

రెండు వందల మీటర్ల లైనులో వాల్వును సగము మూసినను నీరు పెద్దగా తగ్గదని దీనివలన తెలియుచున్నది. పంపు ఆపరేటరు "సగం కట్టేశానండి" అని చెప్పినను పై వీధిలో నీరు ఏమాత్రము తగ్గక, క్రింది వీధికి చేరకుండుటకు కారణమిదే. అతడు అబద్ధమాడుట లేదు. గేటు వాల్వు తన పని అంతయు చివరి కొద్ది చుట్లలోనే చేయును. అట్లే, పెద్ద గొట్టములో చిన్న వాల్వు ఇరికించినప్పుడు కలుగు నష్టము కూడ జనులు అనుకొనునంత ఘోరము కాదు. 50 మిల్లీమీటర్ల లైనులో 25 మిల్లీమీటర్ల వాల్వు బిగించి సెకనుకు 2 లీటర్లు పంపినచో సుమారు ఒక మీటరు ఎత్తు పోవును. అది నష్టమే, వాల్వు గొట్టమునకు సరిసమానమైన కొలత గలదై ఉండవలెననుటలో సందేహము లేదు. కాని పొట్టి ఇరుకుకంటె పొడవైన ఇరుకే ప్రమాదకరము. ముందుగా దానిని వెదకవలెను.

వాల్వుల ప్రధాన ప్రయోజనము నీటిని పెంచుట కాదు, పంచుట. ట్యాంకునకు దగ్గరనున్న వీధుల వాల్వులను తగ్గించి ఉంచినచో దూరపు వీధులకు ఎత్తు మిగులును. ఏ వాల్వును ఎన్ని చుట్లు తెరచినప్పుడు చివరి ఇంటిలో ఎన్ని నిమిషములకు బిందె నిండినదో నాలుగయిదు ఉదయములు పరీక్షించి నిర్ణయింపవలెను. వాల్వును గభాలున కట్టివేయరాదు. పరుగెత్తు నీరు ఒక్కసారిగా ఆగుటచే గొట్టములో సుత్తిదెబ్బవంటి అదురు పుట్టి, అతుకులు ఊడును. మిట్ట ప్రదేశములలో గాలి వాల్వు లేనిచో, దినమునకు గంట రెండు గంటలు మాత్రమే నీరు వదలు లైనులలో గాలి చేరి దారికడ్డుపడును. నీరు రాక, బుస్సుమని శబ్దము మాత్రము వచ్చు కొళాయిలలో కొన్నింటి రోగమిదే.

ఇంటి కొళాయి వద్ద

వీధి గొట్టమునుండి ఇంటికి పోవు గొట్టము సాధారణముగా అర అంగుళము, అనగా 15 మిల్లీమీటర్లు. నున్నని క్రొత్త గొట్టము 10 మీటర్లు పొడవున్నప్పుడు నిమిషమునకు 10 లీటర్లు పట్టుకొన్నను ఒక మీటరులోపు ఎత్తే పోవును. కాబట్టి వీధి పక్కనున్న ఇంటికి అర అంగుళము చాలును. లోపలి సందులో 40 మీటర్ల దూరమున్న ఇంటికి ముప్పావు అంగుళపు గొట్టము వేయుట న్యాయము. దానిలో ఖర్చు సుమారు నాలుగవ వంతు మాత్రమే. ఇనుప గొట్టమునకు లోపల తుప్పు పట్టి దారి 12 మిల్లీమీటర్లకు తగ్గినచో ఖర్చు అయిదు రెట్లకు మించును. బయటికి గొట్టము చక్కగనే కనబడును. కోసి చూచినగాని తెలియదు.

మొదటి ఇండ్లవారు పలుకుబడి నుపయోగించి ఒక అంగుళపు కనెక్షను తీసికొనుట చాల ఊళ్లలో కనబడు ఆచారము. ఆ ఒక్క అంగుళపు గొట్టము అర అంగుళపు గొట్టములు ఆరింటితో సమానమని పైన చెప్పిన లెక్కవలన తెలియును. ఆరిండ్ల నీరు ఒక ఇంటిలోనికి పోవుచున్నదన్నమాట. వీధి గొట్టమునకు బిగించు ఫెర్రూలు అను చిన్న పరికరము యొక్క రంధ్రము అందరికి ఒకే కొలతగా ఉండవలెనని నియమించుట, ట్యాంకు దగ్గరి ఇండ్లకు ప్రవాహమును అదుపుచేయు వాల్వులు పెట్టించుట పంచాయతీ చేతిలోని పని. ఇందుకు ఖర్చు తక్కువ, ధైర్యము ఎక్కువ కావలెను.

కొళాయికి చిన్న విద్యుత్ మోటారు తగిలించి నీరు లాగుట అంతకంటె హెచ్చు హాని. అది పొరుగువారి నీటిని దొంగిలించుటతో ఆగదు. లాగుడు ఎక్కువైనప్పుడు వీధి గొట్టములో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికంటె తగ్గిపోవును. అప్పుడు అతుకులవద్దనున్న సన్నని బీటలనుండి నీరు బయటికి కారుటకు బదులు, బయటి మురుగు లోపలికి పీల్చబడును. కాలువ పక్కగా గొట్టము పోవుచోట దీని ఫలితమెట్లుండునో వేరుగ చెప్పనక్కరలేదు. మోటారు పెట్టినవాని ఇంటికే మొదట ఆ నీరు చేరును. అయినను అతడు పెట్టుట మానడు. ఏలయన చివరి వీధిలో మోటారు లేనివానికి చుక్క దొరకదు. గొట్టపు కొలతలను, పంపకమును సరిచేయక, మోటార్లను ఊడదీయుట మాత్రమే చేసిన ఊళ్లలో అవి నెలలోపల మరల వెలసినవి.

అన్నిచోట్లను పెద్ద గొట్టము వేసినచో సరిపోదా అని అడుగవచ్చును. అవసరమునకు మించిన లావు గొట్టములో నీరు మందముగా కదలును. బురద అడుగున పేరుకొనును. కలిపిన క్లోరిన్ చివరి కొళాయికి చేరుసరికి తగ్గిపోవును. ఖర్చు కూడ వృథా. అయితే కందకము త్రవ్వుట, రోడ్డు కోయుట, తిరిగి పూడ్చుట, ఇవి సన్న గొట్టమునకైనను లావు గొట్టమునకైనను ఒక్కటే. 50 వేయుటకును 63 వేయుటకును మధ్య సందేహము కలిగినచోట, ముఖ్యముగా మున్ముందు ఇండ్లు పెరుగు దిక్కున, పెద్ద దానివైపే మొగ్గుట మంచిదని నా అభిప్రాయము. తుది నిర్ణయము గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరుది. ఆయన వద్దకు పోవునప్పుడు "నీరు రావడం లేదు" అని మాత్రమే చెప్పక, ఏ వీధిలో బిందె ఎన్ని నిమిషములకు నిండినది, కొళాయిలు మూసినప్పుడు మీటరు ఎంత చూపినది, తెరచినప్పుడు ఎంత చూపినది వ్రాసికొని పోయినచో ఆయన పని సగము తగ్గును. అంచనాయు త్వరగా తయారగును.

పైన చెప్పిన గ్రామములో పంచాయతీ కార్యాలయపు గోడమీద ఇప్పుడొక పటము వ్రేలాడుచున్నది. వీధులు, గొట్టముల లోపలి కొలతలు, వాల్వులు గుర్తింపబడియున్నవి. ప్రతి వాల్వు పక్కన ఎన్ని చుట్లు తెరచి ఉంచవలెనో అంకె వ్రాయబడియున్నది. కల్వర్టు వద్ద గొట్టము మార్చిన తేది ఎర్రసిరాతో వ్రాసిరి. దాని క్రింద నెలకొకసారి చివరి ఇంటి బిందె నిండుటకు పట్టిన నిమిషములను వ్రాయుటకు ఒక పట్టిక గీయబడినది. ఆ నిమిషములను లెక్కించు పనిని సర్పంచి గారు ఆ ముసలామె మనుమరాలికే అప్పగించిరి.